వరుసలో నిలబడ్డవాడికి ఏం మిగిలింది?

ఫ్రిస్కో శీను
నిన్న ఆఫీసులో లంచ్ దగ్గర మాటా మాటా పెరిగింది. మా టీమ్‌లో ఒక తెల్లాయన ఉన్నాడు, మనిషి మంచివాడే. కాగితాల్లేని వలసదారుల్ని ఐస్ (అమెరికా ఇమిగ్రేషన్ పోలీసు) వాళ్లు పట్టుకుపోవడం ఆపాలని ఏదో పిటిషన్ మీద సంతకాలు పెట్టిస్తున్నాడు. నేను పెట్టనన్నాను. "నువ్వూ వలస వచ్చినవాడివేగా" అన్నాడు. అక్కడ మండింది నాకు.

2012లో హెచ్‌1బీ మీద వచ్చాను. పాపకి అప్పుడు ఏడాది. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) అయ్యి ఎన్నో ఏళ్లయింది, వరుసలో నా తేదీ, అంటే ప్రయారిటీ డేట్, 2015. నేనున్న కేటగిరీ ఈబీ-2 ఇండియా 2025 చివర్లో కూడా 2013 దగ్గరే దేకింది. వీసా ఎక్స్‌టెన్షన్ ఆలస్యమైతే డ్రైవింగ్ లైసెన్సు కూడా దాంతోపాటే అయిపోతుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజులే. నాన్న పోయినప్పుడు తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వేయించుకోవాల్సిన వీసా స్టాంపింగ్ ఇరుక్కుంటుందన్న భయంతో వెళ్లలేకపోయాను, వీడియో కాల్‌లో చూశాను. పాపకి 21 నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే తను విడిగా స్టూడెంట్ వీసా తీసుకోవాలి, లేకపోతే తనకి ఊహ తెలియని దేశానికి వెళ్లిపోవాలి.

ఇదంతా నిబంధన ప్రకారం నడుచుకున్నందుకు. మరి రాత్రికి రాత్రి నది దాటి వచ్చినవాడి మీద ఊరంతటికీ జాలి. మన మీద ఎవరూ పిటిషన్ పెట్టరేం? నేరాల సంగతి వేరే. అడిగితే "నీకు గుండె లేదా" అంటారు. నాది తప్పా?

బిర్యానీ నెంబర్ వన్
తప్పో ఒప్పో తర్వాత. హెచ్‌1బీ మీద ఉండి ఆఫీసులో "పెట్టను" అనే మాట అన్నావా అన్నా! వీకెండ్ డిప్లాయ్‌మెంట్ అన్నప్పుడు కూడా అదే గొంతుతో అను, చూద్దాం.

ఎడిసన్ పద్మ
శీను గారూ, మీ మంట నాకు అర్థమైంది. మా పెద్దాడు గత ఏడాదే ఏజ్ అవుట్ అయ్యాడు, 21 నిండి మా దరఖాస్తులోంచి బయటపడ్డాడు. వాడి క్లాస్‌మేట్ ఒకమ్మాయి, చిన్నప్పుడు కాగితాల్లేకుండా మెక్సికో నుంచి వచ్చింది. డాకా (చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చినవాళ్లని పంపేయకుండా ఆపే పథకం) ఉంది, వర్క్ పర్మిట్ ఉంది, పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసుకుంటోంది. మావాడు ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద, విడిగా అనుమతి లేకుండా క్యాంపస్ దాటి పని చేయకూడదు. 2012లో డాకా పెట్టినప్పుడు చట్టబద్ధంగా వచ్చిన పిల్లలకి అది వర్తించదన్నారు. స్టేటస్, అంటే ఇక్కడ ఉండటానికి చట్టబద్ధమైన హోదా, లేనివాళ్లకే అట! మా ఇంట్లో స్టేటస్ ఉండటమే లోటైంది.

లా పాయింట్
పద్మ గారు చెప్పింది నిజం. ఆ పిల్లలకి జరిగింది ఘోరం.

కానీ శీను గారి లెక్కలో ఒక ముడి ఉంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. అందులోనే భార్యా పిల్లలూ. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. ఇది 1990 చట్టం. మనవాళ్లు లక్షల్లో, ఐస్‌లాండ్ వాళ్లు పదుల్లో, ఇద్దరికీ అదే 7 శాతం. మీ పాపని ఇబ్బంది పెడుతున్నది ఆ అంకె. నది దాటినవాడు మీ వరుసలో లేడు, మీ ముందుకి దూరలేదు. వాడికి అసలు వరుసే లేదు. మెక్సికోలో కూలి పని చేసే మనిషి "పద్ధతిగా వచ్చి స్థిరపడతాను" అనుకుంటే వేయడానికి దరఖాస్తు ఏదో చెప్పండి. సిటిజన్ అయిన అన్నయ్యో అక్కో ఉంటే ఉంది, అదీ ఇరవై ఏళ్లు దాటుతుంది.

ఫ్రిస్కో శీను
లా పాయింట్ గారూ, వరుస లేదు కాబట్టి తోసుకొచ్చేయొచ్చా? మా ఊళ్లో నాతో చదివినవాళ్లలో సగం మందికి అమెరికా వచ్చే దారి లేదు. వాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు, బాగానే ఉన్నారు.

1986 సంగతి కూడా చెప్పండి మరి. రీగన్ 27 లక్షల మందికి పత్రాలిచ్చేశాడు. ఇదే చివరిసారి అన్నారు. ఇప్పుడు కోటి దాటారు. మన రుణమాఫీ లాంటిదే ఇది. కిస్తీలు టైముకి కట్టినవాడు బ్యాంకు గుమ్మంలో వెర్రిముఖం వేసుకుని నిలబడతాడు. ఎగ్గొట్టినవాడు మాఫీ తీసుకుని పోతాడు. వచ్చే ఏడాది ఎవడు కడతాడు?

బిర్యానీ నెంబర్ వన్
రుణమాఫీ వచ్చేసింది. ఇక ఈ థ్రెడ్ సంక్రాంతి దాకా ఆగదు.

జగిత్యాల ప్రవీణ్
శీనన్నా, రుణమాఫీ వల్ల పక్కవాడి కిస్తీ పెరగదు. ఆ సంగతి అట్లుంచితే, నాది వేరే కథ. కొంచెం పెద్దది, ఓపిక ఉంటే చదవండి.

మా నాన్న దుబాయిలో ఖల్లివెల్లి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఈ మాట చిన్న పిల్లాడికి కూడా తెలుసు. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) లేకుండా, కంపెనీ వదిలేసి బయట పని చేసుకునేవాళ్లు.

2006లో వెళ్లాడు. ఏజెంటుకి కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ దిగాక చేతికిచ్చింది ఒకటి. పాస్‌పోర్టు దిగిన రోజే కంపెనీవాడు తీసేసుకున్నాడు. 2008 చివర్లో దుబాయిలో కట్టడాలు ఆగిపోయాయి కదా, అప్పుడు జీతాలు బంద్. క్యాంపులో తిండి మాత్రం పెట్టేవాళ్లు. ఇంటికి వస్తే అప్పులోళ్లు గుమ్మం ముందు. అక్కడే ఉంటే వడ్డీ పెరుగుతది. క్యాంపు గోడ దూకి వెళ్లిపోయాడు. మరుసటి వారం కంపెనీ "పారిపోయాడు" అని కేసు రాయించింది. అంతే, ఆ రోజు నుంచి మా నాన్న అక్రమం.

నాలుగేళ్లు టైల్స్ పని. ఒక గదిలో పన్నెండు మంది, పోలీసు సైరన్ వినపడితే మిద్దె మీదికి. కాలు విరిగితే ఆసుపత్రికి పోలేదు, ఒక మలయాళీ కాంపౌండర్ కట్టు కట్టిండు. ఇప్పటికీ కుంటుతాడు. మా నానమ్మ పోతే రాలేకపోయాడు. ఆ అప్పు తీరింది ఆ డబ్బుతోనే, నేను బీటెక్ చదివింది ఆ డబ్బుతోనే. 2012 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ (శిక్ష లేకుండా వెళ్లిపోనిచ్చే క్షమాభిక్ష) పెడితే, ఔట్‌పాస్ (దేశం వదిలి వెళ్లడానికి ఇచ్చే కాగితం) తీసుకుని ఇంటికొచ్చాడు.

మా ఊళ్లో మా నాన్నని దొంగ అన్నవాడు లేడు. గుడి కమిటీ చందా తీసుకుంది. సర్పంచ్ ఎలక్షన్లో ఫోన్ చేసి ఇంట్లోవాళ్లకి ఓటు చెప్పమన్నారు. ఆమ్నెస్టీ పెట్టాలని మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఢిల్లీ పోయి అర్జీలిచ్చిండ్రు. ఆ అర్జీల్లో "అక్రమ వలసదారు" అని ఎక్కడా లేదు, "మన గల్ఫ్ బాధితులు" అని ఉంది.

ఇప్పుడు నేను డాలస్‌లో హెచ్‌1బీ మీద ఉన్నాను. మా కాంప్లెక్స్‌లో రూఫింగ్ చేసే మనిషిని చూస్తే నాకు నేరం గుర్తు రాదు.

సియాటిల్ సుధ
ప్రవీణ్ గారూ, మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

ఫ్రిస్కో శీను
తమ్ముడూ, మీ నాన్నగారు వీసా మీద వెళ్లి మోసపోయారు. తప్పు కంపెనీది, ఏజెంటుది. ఇక్కడ నేను మాట్లాడేది తెలిసి తెలిసి దొంగదారిన వచ్చినవాళ్ల గురించి. రెండూ ఒకటి కావు.

లా పాయింట్
ఒకటి కాదు, నిజమే. చట్టం దృష్టిలోనూ కాదు. దొంగచాటుగా బోర్డర్ దాటడం ఇక్కడ చిన్నపాటి ఫెడరల్ నేరం. వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోవడం సివిల్ ఉల్లంఘన, దానికి జైలు శిక్ష లేదు, పంపించేస్తారు. కాగితాల్లేనివాళ్లలో రెండో రకం కూడా చాలామంది. మన దేశం వాళ్లు అందులో తక్కువేం లేరు. 2022కి ప్యూ అనే సర్వే సంస్థ వాళ్ల అంచనాలో మనవాళ్లు 7 లక్షలు దాటారు, మెక్సికో, ఎల్ సాల్వడార్ తర్వాత అప్పటికి మనమే.

కోడూరు మస్తాన్
నేను కువైట్‌లో ఉన్నాను, రైల్వే కోడూరు మాది. డ్రైవర్ పని. ప్రవీణ్ చెప్పింది అక్షరాలా నిజం. అయితే రెండో పక్క కూడా వినండి.

ఇక్కడ మేము అకామాకి ఏడాదేడాదీ డబ్బు కడతాం. ఆజాద్ వీసా (పేరుకి ఒకరి దగ్గర, పని బయట) అయితే కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, వేరుగా ముట్టజెప్పాలి. ఖల్లివెల్లి మనిషికి ఆ ఖర్చు లేదు, కాబట్టి తక్కువకే ఒప్పుకుంటాడు. రేటు పడిపోతుంది. ఫ్రైడే మార్కెట్ దగ్గర దీని మీద మనవాళ్లే మనవాళ్లతో కొట్టుకున్నారు. శీను గారి కోపం ఇక్కడ మాకూ ఉంది, పది కేజీలు ఎక్కువే ఉంది.

కానీ చెకింగ్ వస్తే అదే మనిషిని మా గదిలో దాస్తాం. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2024లో ఇక్కడ మార్చి నుంచి జూన్ దాకా ఆమ్నెస్టీ పెట్టినప్పుడు ఎంబసీ దగ్గర చూశాను, మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లే ఎంతమందో. ఖాదిమ్ వీసా మీద ఇళ్లలో పనికొచ్చి, దెబ్బలు తట్టుకోలేక బయటపడ్డవాళ్లు. కఫీల్ ఇల్లు దాటిన నిమిషం నుంచి వాళ్లు నేరస్తులే ఇక్కడి కాగితాల్లో.

గ్యాస్ స్టేషన్ రాజు
అందరూ గల్ఫ్ కన్నీళ్లలో పడి నేరాల సంగతి వదిలేశారు. నేను చెప్తా.

హ్యూస్టన్ దగ్గర నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. మా ఫ్రెండ్ ఒకడు రాత్రి కారులో ఇంటికి పోతుంటే రెడ్ లైట్ దాటుకుని ఒక ట్రక్కు గుద్దింది. డ్రైవర్‌కి లైసెన్సు లేదు, ఇన్సూరెన్స్ లేదు, స్టేటస్ లేదు, తాగి ఉన్నాడు. బెయిల్ మీద బయటికొచ్చి మాయమైపోయాడు. మావాడు ఏడాది వీల్‌చెయిర్‌లో ఉన్నాడు, ఉద్యోగం పోయింది, స్టేటస్ పోయేలా ఉందని ఆ స్థితిలోనే ఇండియా వెళ్లిపోయాడు. ఆ డ్రైవర్ ఇంకా ఇక్కడే ఎక్కడో ఉంటాడు. ఆలోచించండి, ఎవరు వెళ్లారో ఎవరు ఉన్నారో.

వాడి మీద జాలి చూపించమంటే నావల్ల కాదు.

లెక్కల మాస్టారు
రాజు గారూ, మీ స్నేహితుడికి జరిగినదానికి చాలా బాధగా ఉంది. మీరు చెప్పింది ఒక మనిషి నేరం. ఆ గుంపు మొత్తం ఎక్కువ నేరాలు చేస్తుందా అన్నది వేరే ప్రశ్న, దానికి మీ రాష్ట్రం లెక్కలే ఉన్నాయి.

టెక్సాస్‌లో ఎవరిని అరెస్టు చేసినా వేలిముద్రలు ఫెడరల్ వాళ్లకి వెళ్తాయి, స్టేటస్ తేలిపోతుంది. వేరే చాలా రాష్ట్రాల్లో ఇలా విడదీసిన లెక్క దొరకదు. 2012 నుంచి 2018 దాకా ఆ అరెస్టులు తీసుకుని చేసిన అధ్యయనం 2020లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. హింసాత్మక నేరాల్లో ఇక్కడ పుట్టినవాళ్ల అరెస్టు రేటు కాగితాల్లేనివాళ్ల రేటుకి రెట్టింపు పైన. ఆస్తి నేరాల్లో నాలుగింతలు పైన.

ఫ్రిస్కో శీను
మాస్టారూ, వాళ్లు మొత్తం ఎంతమందో ఎవరికీ సరిగ్గా తెలియదు, అంచనాయేగా. ఎంతమందిలో ఇన్ని అరెస్టులు అన్నది తెలియకుండా రేటు ఎలా కట్టారు?

లెక్కల మాస్టారు
మంచి ప్రశ్న. అంచనానే. పైగా వాళ్లు బాధితులైతే పోలీసుల దగ్గరికి వెళ్లరు, కాబట్టి వాళ్ల మధ్య జరిగిన కొన్ని నేరాలు లెక్కకి రావు. అయితే అంచనా పాతికో ముప్పయ్యో శాతం అటూ ఇటూ అయినా రెట్టింపు తేడా తలకిందులు కాదు. కారణం కూడా సులువే. సిగ్నల్ దగ్గర పోలీసు ఆపితే చాలు జీవితం అయిపోయే మనిషి మిగతావాళ్లకన్నా ఒళ్లు దగ్గర పెట్టుకునే తిరుగుతాడు.

గ్యాస్ స్టేషన్ రాజు
రేటు సగమే ఉండొచ్చు. ఆ ట్రక్కు డ్రైవర్ ఇక్కడ ఉండకూడని మనిషి. వాణ్ణి ముందే పంపించి ఉంటే ఆ రాత్రి ఆ సిగ్నల్ దగ్గర వాడు లేడు. మీ పట్టికలో దీనికి గడి లేదు.

లెక్కల మాస్టారు
లేదు. ఒప్పుకుంటాను.

బిర్యానీ నెంబర్ వన్
ఈ ఫోరంలో "ఒప్పుకుంటాను" అనే మాట మొదటిసారి చూశా. స్క్రీన్‌షాట్ తీశా.

సియాటిల్ సుధ
రాజు గారూ, తాగి గుద్దినవాణ్ణి పంపించొద్దని ఇక్కడ ఎవరూ అనలేదు కదా. ఆ పేరు చెప్పి ఇప్పుడు పట్టుకుంటున్నది హోమ్ డిపో (ఇంటి పని సామాన్ల కొట్టు) ముందు కూలి కోసం నిలబడ్డవాళ్లని, ఇమిగ్రేషన్ కోర్టుకి పిలిస్తే బుద్ధిగా హాజరైనవాళ్లని. కోర్టుకి వచ్చినవాణ్ణి కారిడార్‌లో పట్టుకుంటే రేపటి నుంచి ఎవడొస్తాడు? మీ డ్రైవర్ లాంటివాడు ఎటూ రాడు.

విశ్రాంత ఉద్యోగి, సికింద్రాబాద్
మా అబ్బాయి అక్కడే ఉన్నాడు. 2025 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో ఆ మిలిటరీ విమానం దిగినప్పుడు టీవీ ముందు కూర్చుని చూశాను. 104 మంది. చేతులకి బేడీలు, కాళ్లకి గొలుసులు. నాకు కోపం రెండు పక్కలా వచ్చింది. పంపడం వాళ్ల హక్కు. ఏ దేశమైనా పంపుతుంది. గొలుసులెందుకయ్యా, ఆడవాళ్లకి కూడా?

ఫ్రిస్కో శీను
అంకుల్, గొలుసులు వేయడం నాకూ నచ్చలేదు. కానీ వాళ్లలో కొందరే టీవీల్లో చెప్పారు, ఏజెంట్లకి నలభై, యాభై లక్షలు కట్టామని. పొలాలమ్మి. అంత డబ్బున్నవాడు ఆకలికి వచ్చాడంటే నేను నమ్మను.

జగిత్యాల ప్రవీణ్
పొలం అమ్మాక డబ్బున్నవాడు ఎట్లయితాడన్నా.

ఎడిసన్ పద్మ
ఒక విషయం ఎవరూ ఎత్తడం లేదు, నేనే ఎత్తుతాను, తిట్టుకోండి. మన వాట్సాప్ గ్రూపుల్లో "నానీ కావలెను, తెలుగువారైతే మంచిది, విజిటర్ వీసా అయినా పర్లేదు, క్యాష్" అని వారానికి ఎన్ని మెసేజీలు చూస్తారు? బీ-2 మీద వచ్చిన అత్తయ్యలు, పిన్నులు మన పిల్లల్ని చూసుకుంటున్నారు, పప్పూ కూరలూ వండి డబ్బాల్లో అమ్ముతున్నారు. గోంగూర పచ్చడి ఆర్డర్ పెట్టేటప్పుడు వర్క్ పర్మిట్ ఉందా ఆంటీ అని అడిగినవాళ్లు చెయ్యెత్తండి. మాస్టర్స్ పిల్లలు రెస్టారెంట్లలో క్యాష్‌కి గిన్నెలు తోముతున్నారు, తోమించుకునేది మనవాళ్లే. ఇదంతా చట్టం ముందు ఏంటి?

మా ఇల్లు శుభ్రం చేసే గ్వాటెమాలా ఆవిడ రెండు నెలలుగా రావడం లేదు. బయటికి రావాలంటే భయం అంది. మా ఆవరణలో పచ్చడి ఆంటీకి ఆ భయం లేదు.

బిర్యానీ నెంబర్ వన్
ఆంటీల జోలికి వస్తే ఊరుకోం. ఆవకాయ జాతీయ భద్రతకి సంబంధించిన అంశం.

కన్సల్టెన్సీ బాధితుడు
పద్మ గారు మొదలెట్టారు కాబట్టి నేనూ ఒకటి. 2023 మార్చి లాటరీలో హెచ్‌1బీ రిజిస్ట్రేషన్లు 7.8 లక్షలు. అందులో 4 లక్షలకి పైగా ఒకే మనిషి పేరు మీద ఒకటికి మించి వేసినవి. నలుగురు కన్సల్టెన్సీవాళ్లు కలిసి ఒక్కడి పేరే నాలుగుసార్లు వేయడం, అందులో మన కంపెనీలు ఎన్నో అందరికీ తెలుసు. నేను ఒక్కటే వేసుకున్నాను, రాలేదు. నా రూమ్మేట్ ఐదు వేశాడు, వచ్చింది. మర్నాడు వాడే "ఇల్లీగల్స్ వల్ల దేశం పాడైపోతోంది" అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఆ తర్వాతి ఏడాది నుంచి మనిషికొకటే లెక్క అన్నారు కాబట్టి ఆ దారి మూశారు, లేకపోతే ఇంకా నడిచేదే.

వరుస, వరుస అంటున్నారు కదా శీను గారూ. మన వరుసలోనూ తోసుకున్నవాళ్లున్నారు, వాళ్లకి కాగితాలున్నాయి.

ఫ్రిస్కో శీను
అది మోసమే. అది చేసినవాణ్ణి కూడా పంపేయమంటాను. నేను రెండు నాలుకల మనిషిని కాదు.

బాలాపూర్ బస్ పాస్
ఇక్కడ జాలి గురించి చెప్తున్నవాళ్లంతా మా హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల క్యాంపుల గురించి కూడా ఇలాగే మాట్లాడతారా? వాళ్లూ కాగితాల్లేనివాళ్లే. యూఎన్ కార్డు ఉంటుంది, మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కార్డుకి ఇక్కడ చట్టబలం లేదు. కువైట్‌లో గదిలో దాచారట, హైదరాబాద్‌లో దాస్తారా?

విశ్రాంత ఉద్యోగి, సికింద్రాబాద్
ప్రశ్న సూటిగా ఉంది. నా మటుకు నాకు, వాళ్లని వెనక్కి పంపితే చంపేస్తారు. దుబాయి నుంచి జగిత్యాల వస్తే ఎవరూ చంపరు. ఆ తేడా చూడాలి.

మాడరేటర్
బాలాపూర్ మీద వేరే థ్రెడ్ తెరవండి. నాలుగు పోస్టులు తీసేశాను, ఎందుకో రాసినవాళ్లకి తెలుసు. మతం ఎత్తినవి ఉండవు.

షికాగో శేఖర్
నేరాల మీద ఇంకోటి. యూ-వీసా అని ఉంది, ఇక్కడ నేరానికి బలైనవాళ్లు పోలీసులకి సహకరిస్తే ఇస్తారు, ఏడాదికి 10,000. 2024లో మా ఊళ్లో కేసు పెట్టారు. షాపుల్లో, రెస్టారెంట్లలో ఉత్తుత్తి దొంగతనాలు ఆడించారట, తుపాకీ చూపించి. "బాధితులు" యూ-వీసాకి అప్లై చేసుకోవడానికి. పేర్లలో ఎక్కువ మన దేశం పేర్లే. నిజంగా దెబ్బలు తిన్న ఆడవాళ్లు అదే వీసా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ఇలాంటివాళ్ల వల్లే జాలికి విలువ పోతుంది.

గ్యాస్ స్టేషన్ రాజు
ఈ శేఖర్ గారు చెప్పిందానికి నేను డబుల్ లైక్. నన్ను నిజంగానే తుపాకీ పెట్టి దోచుకున్నారు ఒకసారి. ఆ ఇద్దరూ ఇక్కడే పుట్టినవాళ్లని తేలింది, మాస్టారు అడక్కముందే చెప్తున్నా.

లెక్కల మాస్టారు
రాసుకున్నాను, రాజు గారూ.

హ్యూస్టన్ హరిత
పన్నులు మనమే కడతాం అనే మాట ఇంకా ఎవరూ అనలేదు, అనేలోపే చెప్తాను. నేను సీపీఏని, పన్నుల లెక్కలు చూస్తాను. ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నెంబరు లేనివాళ్లకి పన్ను కట్టడానికి ఇచ్చేది) నెంబరు మీద రిటర్న్ వేయించుకోవడానికి వచ్చేవాళ్లని రోజూ చూస్తాను. పెయింటర్లు, వంటవాళ్లు. దొంగ నెంబరు మీద పని చేసేవాళ్ల జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కోత పడుతూనే ఉంటుంది, ఆ డబ్బు వాళ్లకి ఎప్పటికీ రాదు. 2022లో కాగితాల్లేనివాళ్లందరూ కలిపి కట్టిన పన్నులు దాదాపు 9,670 కోట్ల డాలర్లని ఒక పన్నుల సంస్థ లెక్క తేల్చింది. ఫుడ్ స్టాంపులు వాళ్లకి లేవు. మామూలు మెడికెయిడ్ లేదు. ఎమర్జెన్సీకి వెళ్తే వైద్యం చేస్తారు, పిల్లలకి బడి ఉంది. ఆ బడి కూడా టెక్సాస్‌లో టైలర్ అనే ఊరు ఫీజు కట్టమంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1982లో తెచ్చుకున్నది.

ఫ్రిస్కో శీను
అన్నీ చదివాను. పని మధ్యలో చదవడం వల్ల మేనేజర్ చూశాడు కూడా.

లా పాయింట్ గారు చెప్పిన 7 శాతం సంగతి నాకు తెలియక కాదు. ఆ చట్టం మార్చమని పదేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మార్చరు. ఎందుకంటే ఎప్పుడు మా బిల్లు వచ్చినా "కాగితాల్లేనివాళ్ల సంగతి కూడా తేలిస్తేనే" అని ఒక పార్టీ, "వాళ్ల సంగతి ఎత్తితే మీదీ లేదు" అని ఇంకో పార్టీ. మా ఫైలు వాళ్ల ఫైలుకి కట్టేశారు. అందుకే వరుసలు వేరు అన్నా నాకు ఎక్కదు.

ప్రవీణ్ తమ్ముడూ, మీ నాన్నగారి మీద నాకు ఒక్క మాట కూడా లేదు. అయినా సంతకం పెట్టను.

జగిత్యాల ప్రవీణ్
పెట్టకన్నా. సంతకం అడగలేదు నేను. ఆ రూఫింగ్ మనిషిని చూసి "నేరస్తుడు" అని అనకు, చాలు.

ఫ్రిస్కో శీను
నేనెప్పుడన్నాను?

జగిత్యాల ప్రవీణ్
మొదటి పోస్టు చివర్లో "నేరాల సంగతి వేరే" అన్నావు.

లా పాయింట్
శీను గారి చివరి పోస్టు నాకు నచ్చింది. ఫైళ్లు కట్టేసిన మాట పూర్తిగా నిజం.

ఒకటి చేర్చాలి. 2025 జనవరి చివర్లో లేకెన్ రైలీ పేరు మీద చట్టం వచ్చింది. జార్జియాలో ఆ అమ్మాయిని చంపింది కాగితాల్లేని మనిషే, రాజు గారి కోపం లాంటి కోపమే ఆ చట్టం తెచ్చింది. స్టేటస్ లేనివాడి మీద దొంగతనం ఆరోపణ వస్తే చాలు, షాప్‌లిఫ్టింగ్ అయినా సరే, నేరం రుజువు కాకముందే నిర్బంధంలో పెట్టాలి. మనవాళ్ల పిల్లలు షాపుల్లో చేతివాటం చూపించి వార్తల్లోకి ఎక్కిన సంగతి మీకు తెలుసు. వీసా రద్దయి స్టేటస్ పోతే వాళ్లు కూడా ఈ చట్టం కిందికి రావచ్చేమో. చట్టం రాసేటప్పుడు మనం మనసులో వేరేవాళ్ల ముఖం పెట్టుకుంటాం.

పాత కాపు, బే ఏరియా
ట్రైవ్యాలీ గుర్తుందా ఎవరికైనా? 2011, ప్లెజంటన్. కాలేజీ బోగస్ అని తేలితే మన పిల్లల కాళ్లకి రేడియో కాలర్లు బిగించారు. ఢిల్లీలో గగ్గోలు. మన పేపర్లన్నీ "అమాయక విద్యార్థులు" అన్నాయి. వాళ్లలో కొందరు క్లాసులకి వెళ్లకుండా దేశమంతా తిరిగి ఉద్యోగాలు చేసుకోవడానికే అందులో చేరారని మా ఇంటి దగ్గర అందరికీ తెలుసు. 2019లో ఫార్మింగ్టన్ అయితే ప్రభుత్వమే వల పన్ని పెట్టిన యూనివర్సిటీ. 129 మంది మన దేశం పిల్లలు దొరికారు, పిల్లల్ని చేర్పించిన దళారులు తెలుగువాళ్లే. అప్పుడు ఇక్కడి తెలుగు సంఘాలు తానా, ఆటా లాయర్లని పెట్టి పరుగులు తీశాయి, మంచిదే. నేనూ చందా ఇచ్చాను. ఎవరూ "వరుస తప్పారు, పోనీయండి" అనలేదు.

అట్లాంటా స్టూడెంట్
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతా అంతే. ఒక డౌట్ అడగొచ్చా.

జార్జియాలో మన ఇండియా లైసెన్సు మీద కారు నడుపుతూ దొరికాను, లైసెన్సు లేకుండా నడిపినట్టు రాశారు. తీసుకెళ్లి వేలిముద్రలు వేయించారు. కోర్టులో కేసు కొట్టేశారు. అయిపోయిందనుకున్నా. 2025 ఏప్రిల్ మొదట్లో కాలేజీ నుంచి మెయిల్, నా సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) టెర్మినేట్ అయిందని. కారణం క్రిమినల్ రికార్డులో పేరుందట. ఇక్కడ మీరంతా ఎవరి గురించి వాదించుకుంటున్నారో, ఆ నెల నేను అదే. బయటికి వెళ్లలేదు, ఉబర్ బుక్ చేయాలన్నా టెన్షన్. అమ్మకి చెప్పలేదు. చాలామంది కోర్టుల్లో కేసులు వేస్తే నెలాఖరుకి రికార్డులు తిరిగి తెరిచారు, నాదీ వచ్చింది.

ఇప్పుడు అక్క పెళ్లికి ఇండియా వెళ్లాలి, స్టాంపింగ్ కూడా పడాలి. ఫామ్‌లో "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా" అన్నదానికి కొట్టేసిన కేసు కాబట్టి నో పెట్టొచ్చని కన్సల్టెంట్ అంటున్నాడు. పెట్టొచ్చా?

లా పాయింట్
అస్సలు పెట్టొద్దు. ఆ ప్రశ్నలోనే క్షమాభిక్ష లాంటిది దొరికినా చెప్పాలని ఉంటుంది. అరెస్టు దాచితే కేసు కన్నా అబద్ధం పెద్దదవుతుంది, జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు. కోర్టు నుంచి కేసు కొట్టేసిన కాగితం సీలుతో తీసుకోండి, రెండు కాపీలు. టికెట్ కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, ఫోరంని కాదు. ఆ కన్సల్టెంట్‌కి ఫోన్ చేయడం మానేయండి.

ఫ్రిస్కో శీను
తమ్ముడూ, అట్లాంటాలో మా కేసు చూసిన లాయర్ ఉన్నారు, మొదటిసారి మాట్లాడటానికి డబ్బు తీసుకోరు. మెసేజ్ పెట్టు, నెంబరు ఇస్తా. పెళ్లి ఎప్పుడు?

అట్లాంటా స్టూడెంట్
మాఘమాసం అన్నా. పెట్టాను మెసేజ్.